పాతవస్త్రమును దాసోహ ధర్మమును

శరణ ధర్మమునకు కాయకము, దాసోహము అనునవి రెండు కన్నులు. కష్టించి ఆర్జించుట కాయకము. ఆర్జించిన దానిని గురు లింగ జంగమములకు సమర్పించి, శేషమును ప్రసాదముగా స్వీకరించుట దాసోహము. ఈ రెంటిని ఎరుగని లింగాయత కుటుంబముండదు. అయినను నిత్యజీవితమున చిన్న చిన్న సందర్భములు వచ్చినపుడు ఈ ధర్మము ఎట్లు వర్తించునో నిర్ణయించుట అంత సులభము కాదు. అట్టి సందర్భములలో పాతబట్టల విషయమొకటి.

పండుగ ముందు ఇల్లాలు బీరువా తెరచును. పిల్లలకు పొట్టియైన చొక్కాలు, ఒకటి రెండు సారులు మాత్రమే కట్టిన చీరలు, ఎవరో పెట్టగా మడత విప్పని పంచెలు కుప్పగా బయటపడును. తెలుగు ఊళ్లలో వీధివెంట వచ్చు స్టీలు సామాన్లవారికి పాతబట్టలు వేసి గిన్నెయో పళ్లెమో తీసికొనుట చాలకాలముగా నున్న వాడుక. ఇంగ్లాండు, అమెరికాలలో స్థిరపడిన కుటుంబములకు ఛారిటీ దుకాణములు అందుబాటులో నున్నవి. ఇక్కడ కొందరు మూటగట్టి మఠమునకు పంపుదురు. పంపిన పిదప “దాసోహము చేసితిమి” అను తృప్తి కలుగును. ఆ తృప్తి న్యాయమైనదేనా? ఈ పాఠమునకు విషయమిదియే.

శేషమును సమర్పింపవచ్చునా?

దాసోహమున క్రమము ముఖ్యము. ముందు సమర్పణము, తరువాత స్వీకారము. పాతబట్టను ఇచ్చునపుడు ఈ క్రమము తలక్రిందులగుచున్నది. ముందు కట్టి, విసుగు పుట్టిన తరువాత ఇచ్చుట జరుగుచున్నది. తాను భుజింపగా మిగిలిన అన్నమును జంగమునకు వడ్డించి దాసోహమనుట ఎట్లు చెల్లదో, వాడి విడిచిన వస్త్రమును ఇచ్చి దాసోహమనుటయు అట్లే చెల్లదు. ఈ మాట కఠినముగా తోచవచ్చును. కాని దీనిని ఒప్పుకొనిన తరువాతనే సరియైన మార్గము కనబడును.

వస్త్ర దాసోహమున కాదర్శము జేడర దాసిమయ్య. ఆయన కాయకము నేత. ఎంతో శ్రమించి నేసిన క్రొత్త వస్త్రమును, వృద్ధ జంగమ రూపమున వచ్చి యాచించిన శివునకు సమర్పించెను. ఆ వృద్ధుడు కన్నులయెదుటనే దానిని ముక్కలుగా చించినను దాసిమయ్య కోపింపలేదని శరణ కథలు చెప్పుచున్నవి. ఆయన ఇచ్చినది క్రొత్తది. ఇచ్చిన తరువాత దానిపై మమకారము నుంచుకొనలేదు. అది దాసోహము.

అట్లయిన పాతబట్ట ఇచ్చుట ఏమగును? దీనికి సమాధానము ఆయ్దక్కి లక్కమ్మ చరితమున లభించును. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరములో ఆమె భర్త మారయ్య, నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చు కాయకము చేయుచుండెను. ఒకనాడు రోజుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఇంటిలోనికి రాదగదని చెప్పి, తెచ్చిన చోటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను. మారయ్య ఆ బియ్యమును దానము చేసెనని ఎవరును చెప్పరు. తనది కానిదానిని తిరిగి అప్పగించెను, అంతియే.

బీరువాలో కట్టకుండ పడియున్న పది చీరలును ఆ అధికపు బియ్యము వంటివే. వానిని బయటికి పంపుట దానము గాదు, దాసోహమును గాదు, అప్పగింపు. అప్పగించువానికి గర్వించుటకు తావు లేదు. అయితే ఆ వస్త్రమును ఉతికి, కుట్టి, మరొకరు గౌరవముతో ధరింపదగినట్లు సిద్ధము చేయుటలో చెమటోడ్చినచో అది కాయకమగును. ఆ కాయకమును ప్రతిఫలాపేక్ష లేక సంఘమునకు సమర్పించుటతో దాసోహము ప్రారంభమగును. పాతబట్టకు విలువ తెచ్చునది బట్ట కాదు, దానిపై చేసిన సేవ.

ధర్మార్థ దుకాణముల పుట్టుక

పాశ్చాత్య దేశములలో పాతవస్తువులతో నడచు ధర్మార్థ దుకాణముల చరిత్రను పరిశీలించినచో ఈ సూక్ష్మము స్పష్టపడును. 1902 ప్రాంతమున అమెరికాలోని బోస్టన్ నగరమున ఎడ్గార్ హెల్మ్స్ అను మెథడిస్టు పాదరి సంపన్నుల ఇండ్లనుండి వాడిన బట్టలను, సామానులను గోనెసంచులతో సేకరించెను. వానిని ఊరక పంచిపెట్టక, పనిలేని పేదలకే వానిని బాగుచేయు పని నిచ్చి, వచ్చిన వస్తువులను తక్కువ వెలకు విక్రయింపజేసెను. ఆ సొమ్ముతో వారికి కూలి ముట్టెను. నేడు గుడ్‌విల్ అను పేర నడచు సంస్థకు మూలమిదియే. ఆ పాదరికి శరణుల సంగతి తెలిసియుండదు. అయినను భిక్షకు బదులు కాయకము నిచ్చు మార్గమే ఆయనకు తోచెను.

ఇంగ్లాండులో ఆక్స్‌ఫామ్ సంస్థ 1942లో యుద్ధకాలపు క్షామపీడితుల సహాయార్థము ఆక్స్‌ఫర్డులో ఏర్పడెను. 1940ల చివర అదే నగరమున బ్రాడ్ స్ట్రీటులో ఆ సంస్థ దుకాణము తెరచెను. ప్రజలు ఇచ్చిన వస్తువులను అమ్మి, వచ్చిన ధనమును సహాయకార్యములకు వినియోగించుట దాని పద్ధతి. తరువాత అట్టి దుకాణములు బ్రిటనులో ఊరూర వెలసినవి. చాలవరకు అందు పనిచేయువారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. వచ్చిన మూటలను విప్పుట, మంచిచెడ్డలను వేరుచేయుట, వెలచీటి కట్టుట, అలమరలలో అమర్చుట వారి నిత్యకృత్యము.

అమ్ముడుపోని బట్టల గతియేమి? ఈ ప్రశ్నకు సమాధానముగా ఆక్స్‌ఫామ్ 1974లో హడర్స్‌ఫీల్డు పట్టణమున ప్రత్యేక కేంద్రమును స్థాపించి, మిగిలినవానిని మరల వేరుచేయించుట ప్రారంభించెను. సంపన్న దేశముల పాతబట్టలలో చాలభాగము తూకముపై వర్తకుల చేతికి చేరి సముద్రములు దాటుచున్నది. ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో సంతకు వచ్చు మూటలలో పనికిరాని బట్టలు అచటి కాలువలలోను సముద్రతీరమునను చెత్తయై పేరుకొనుచున్నవి. మన హర్యానాలోని పానిపట్టులో పాత ఉన్నిబట్టలను పీచుగా చీల్చి, మరల నూలు తీసి కంబళ్లు నేయుదురు. ఒకే చింకిగుడ్డ ఒకచోట కంబళియగును, మరొకచోట చెత్తయగును. భేదము దానిపై జరిగిన శ్రమలో నున్నది.

వెల యిచ్చువాడు యాచకుడు కాడు

ధర్మార్థ వస్తువునకు వెల యెందుకు, ఉచితముగా ఇచ్చిన మేలుకదా యని కొందరందురు. కొద్దివెలయైనను ఇచ్చి కొనువాడు తనకు నచ్చినదానిని ఎన్నుకొనును, నచ్చనిదానిని వదలును, తల యెత్తి బయటికి వచ్చును. ఉచితమునకు చేయి చాచినవానికి ఎన్నుకొను స్వాతంత్ర్యము సాధారణముగా దొరకదు. ఆ కొద్దివెలయు మరియొక ఆర్తునికి చేరును గనుక, కొనినవాడును దాతలలో ఒకడగును.

బసవేశ్వరుని దాతృత్వమునందు “ఇచ్చుచున్నవాడను నేను” అను భావము లేశమాత్రము తొంగిచూడగా, మడివాలు మాచయ్య దానిని మందలించి తొలగించెనని శరణ చరిత్రలు చెప్పును. మాచయ్య శరణుల మైల వస్త్రములను ఉతికి మడిచేయు కాయకమున నున్నవాడు. వస్త్రమునంటిన మురికిని, దాతనంటిన అహమును కూడ వదలించినది ఆయన చేతులే. పాతబట్టల మూట కట్టువారు స్మరింపదగిన శరణుడాయన.

మూటలు కుప్పలైన వైనము

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు దేశము నలుమూలలనుండి తమిళనాడు తీరమునకు పాతబట్టలు లారీలకొలది చేరెను. అందు చినిగినవి, మురికివి, ఆ ప్రాంత స్త్రీలు ధరింపనివి అనేకముగా నుండెను. సర్వస్వము పోగొట్టుకొనినను ఆత్మగౌరవమును పోగొట్టుకొనని మత్స్యకారులు వానిని తాకలేదు. బట్టలు రోడ్ల ప్రక్కన గుట్టలుగా పడియుండెను. ఇచ్చినవారు పుణ్యమనుకొనిరి; అది అచట మరియొక భారమయ్యెను.

ఆ గుట్టలను ఏరి, వేరుచేసి, వినియోగమునకు తెచ్చు పనిలో ఢిల్లీకి చెందిన గూంజ్ సంస్థ పాల్గొనెను. అంశు గుప్తా 1999లో స్థాపించిన ఈ సంస్థ పాతబట్టను భిక్షగా నీయదు. గ్రామస్థులు తమ ఊరికి కావలసిన బావినో, కట్టనో, బాటనో తామే శ్రమించి నిర్మించుకొందురు. ఆ శ్రమకు ప్రతిఫలముగా వస్త్రములు, గృహోపకరణములు పొందుదురు. చీరగా పనికిరాని నూలుగుడ్డను శుభ్రపరచి స్త్రీల నెలసరి అవసరమునకు వలయు మెత్తలుగా సిద్ధము చేయుదురు. 2015లో అంశు గుప్తాకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను. పాతబట్టను కాయకముతో ముడిపెట్టిన ఈ పద్ధతి శరణ ధర్మమునకు మిక్కిలి సన్నిహితము.

కొనువారి నియమము

ఇచ్చువారికే గాక కొనువారికిని నియమము కలదు. ధర్మార్థ దుకాణమున వెల తక్కువ. తక్కువయని పది వస్త్రములు కొని బీరువా నింపినచో, లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యమును మరల మోసికొని వచ్చినట్లే. వెల యెంత యనునది రెండవ ప్రశ్న. అవసరమున్నదా యనునది మొదటి ప్రశ్న. చలికోటు, పసిపిల్లల దుప్పటి వంటివి కొద్దిగా మాత్రమే యున్నపుడు, క్రొత్తవి కొనగలవారు వానిని లేనివారికి విడిచిపెట్టుట మేలు. మంచి వస్తువులను ఏరి కొని ఎక్కువ వెలకు మారుబేరము చేయువారు, పేదవాని కొరకు తగ్గించిన వెలను తమ లాభముగా మార్చుకొనుచున్నారు. అది సత్యశుద్ధ కాయకము కాజాలదు.

సెకండుహ్యాండు వస్త్రము ధరించుట అవమానమని తలచుటయు తగదు. ఒకరి అన్నగారి చొక్కా తమ్ముడు తొడుగుట ప్రతి యింటను కలదు. సంఘమంతయు ఒక కుటుంబమని నమ్మినచో, తోటి శరణుని వస్త్రమును ధరించుటలో సిగ్గుపడనక్కరలేదు.

మఠములందు ఆచరణ

సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములు (1907–2019) అన్న, అక్షర, ఆశ్రయములను మూడు దాసోహములుగా నడిపి త్రివిధ దాసోహి యని పేరొందిరి. అట్టి మఠముల నీడలో వస్త్రసేవయు క్రమముగా నడచుటకు పెద్ద పెట్టుబడి అక్కరలేదు. ఒక గది, ఒక కుట్టుమిషను, వారమునకొక దినము వచ్చు నలుగురు భక్తులు చాలును.

ఉతకని బట్టను స్వీకరింపరాదు. తన బిడ్డకు తొడుగుటకు వెనుకాడు బట్టను ఎవరును ఇయ్యరాదు. గుండీ ఊడినచో ఇచ్చువారే కుట్టి ఇయ్యవలెను. ధరింపదగినవానికి కొద్దివెల కట్టి అందరికిని అందుబాటులో నుంచవలెను. కొనువాని పేరు, కులము, కష్టము అడుగరాదు. ధరింపరానివానిని సంచులుగను, బొంతలుగను కుట్టింపవలెను. ఆ పని పేద స్త్రీలకు కూలిగా లభించినచో మరియు మేలు. వచ్చిన సొమ్మునకు లెక్క వ్రాసి, నెలకొకసారి మఠద్వారమున అంటించవలెను. వరద, తుఫాను వచ్చినపుడు, అచటివారు కోరినది ఏమో తెలిసికొనిన పిదపనే మూటలు పంపవలెను.

మననము చేయదగిన ప్రశ్నలు

1. ఇంటిలో ఒక సంవత్సరముగా ధరింపని వస్త్రములెన్ని? అవి ఇంటిలోనికి రావలసిన అవసరము మొదట ఉండెనా?

2. చివరిసారి ఇచ్చిన మూటలోని బట్టలను, ఇచ్చినవారు తిరిగి కొనుటకు ఇష్టపడుదురా?

3. ఈ సంవత్సరము దాసిమయ్య వలె ఒక క్రొత్త వస్త్రమును, కట్టకమునుపే, ఎవరికైనను సమర్పించుట జరిగినదా?

ఈ మూడవ ప్రశ్నకు “జరిగినది” అని చెప్పగల ఇంటిలో పాతబట్టల మూటకును పవిత్రత కలుగును. చెప్పలేని ఇంటిలో, ఎన్ని మూటలు బయటికి పోయినను, ఖాళీయగునది బీరువా మాత్రమే.