మీ కుండీలోని మల్లె ఎందుకు పూయదు?

పిల్లలూ! మీ ఇంట్లో కుండీలో మల్లెమొక్క ఉందా? ఆకులు నిగనిగలాడుతూ గుబురుగా పెరిగినా, ఎండాకాలం వచ్చేసరికి పట్టుమని పది మొగ్గలైనా వేయడం లేదా? "ఇది పూసే రకం కాదు" అని ఇంట్లోవాళ్లు దాన్ని పీకేయబోతున్నారా? కాస్త ఆగమనండి. తప్పు మొక్కది కాకపోవచ్చు.

మొగ్గలు ఎక్కడ వస్తాయి?

గుండుమల్లెను శాస్త్రజ్ఞులు 'జాస్మినం సాంబాక్' అంటారు. ఫిలిప్పీన్స్ దేశం 1934లో ఈ పువ్వునే తన జాతీయపుష్పంగా ప్రకటించింది. పూసే మల్లెను దగ్గరగా చూడండి. మొగ్గలు ముదురు కొమ్మల మీద రావు. కొత్తగా వేసిన లేతకొమ్మల చివర, వాటి ఆకుల మొదళ్లలో వస్తాయి. కాబట్టి ఎన్ని కొత్తకొమ్మలు వేస్తే అన్ని పూలన్నమాట.

కొమ్మ చివరి చిగురులో 'ఆక్సిన్' అనే హార్మోను తయారవుతుంది. అది కిందికి దిగుతూ, కణుపుల దగ్గరున్న పక్క చిగుళ్లను ఎదగనివ్వదు. కొన కత్తిరిస్తే ఆ అడ్డు తొలగుతుంది. ఒక్క కొమ్మ ఉన్నచోట రెండు మూడు బయలుదేరతాయి.

ఎప్పుడు కత్తిరించాలి?

మైపాడు, తుమ్మలపెంట వంటి నెల్లూరు తీరపు ఊళ్లలో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల వల్ల కురుస్తుంది. ఆ వానలు వెనుకబట్టాక, సంక్రాంతి రోజుల్లో కత్తిరించడం మంచిది. ముందుగా ఒక వారం నీళ్లు తగ్గించండి. తరువాత పెద్దల సాయంతో, పదునైన కత్తెరతో మొక్కను సగం ఎత్తుకు కత్తిరించండి. ఎండుపుల్లలు తీసేయండి. రెండు గుప్పెళ్ల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి మట్టిలో కలిపి నీళ్లు పోయండి. మార్చి నాటికి మొగ్గలు కనిపిస్తాయి.

ఉప్పు చేసే పని

సముద్రం దగ్గర చాలా బావుల నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్లు రోజూ పోస్తే, నీరు ఆవిరై పోతుంది గాని ఉప్పు కుండీలోనే మిగిలిపోతుంది. కుండీ అంచున తెల్లని పొర కనిపిస్తే అది లవణాలకు గుర్తు.

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది కదా! ముక్కలోని నీటిని ఉప్పు బయటికి లాగుతుంది. మట్టిలో ఉప్పు పెరిగినా అంతే. తడి ఉన్నా వేరు నీటిని పీల్చుకోలేదు. ఆకుల అంచులు మాడతాయి, మొగ్గలు రాలతాయి.

దీనికి మందు వాననీరే. వానాకాలంలో కుండీని చూరు కింద దాచకండి, వానలో తడవనివ్వండి. అడుగు రంధ్రం మూసుకుపోకుండా చూడండి. నీటితోపాటు ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. పట్టిపెట్టిన వాననీటిని వేసవిలో అప్పుడప్పుడు నిండుగా పోసినా మేలే. సముద్రపు ఒడ్డు ఇసుకను మాత్రం కుండీలో వాడవద్దు.

ఎండ, ఎరువు

మల్లెకు రోజుకు అయిదారు గంటల ఎండ కావాలి. గదిలో పెడితే కొమ్మలు సాగుతాయి గాని పూయవు. యూరియా ఎక్కువైతే అందులోని నత్రజని ఆకులను పెంచుతుంది, పూలు తగ్గుతాయి. గుబురుగా ఉండి పూయని మొక్కకు ఇదీ ఒక కారణమే.

చేసి చూడండి

ఈ సంక్రాంతికి మీ మల్లెమొక్కలో నాలుగు కొమ్మలకు ఎర్రదారం కట్టి, వాటిని కత్తిరించకుండా వదిలేయండి. మరో నాలుగింటికి తెల్లదారం కట్టి, కొనలు కత్తిరించండి. ప్రతి ఆదివారం రెండింటి మీదా వచ్చిన కొత్తచిగుళ్లను, తరువాత మొగ్గలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోండి. ఏప్రిల్ చివర ఆ అంకెలను ఇంట్లోవాళ్లకు చూపించండి. మొక్కను పీకాలో, ఉంచాలో అవే చెబుతాయి.