కాయిల్ ఎక్కడ తెగుతుంది?

పోయిన నెల హాస్టల్లో నా టేబుల్ మీద తీగ చుట్ట ఒకటి చూసి మా జూనియర్ తమ్ముడు ఆగిపోయాడు. "అన్నా, ఇది నైక్రోమే కదా? దీంతో వేప్ కాయిల్ చుట్టొచ్చా? ఎంత గేజ్ తీసుకోవాలి?" అని మెల్లగా అడిగాడు.

తీగ అదే జాతిది. నైక్రోమ్, కాంథాల్ రెండూ అక్కడా వాడతారు, కరెంటు పొయ్యిలోనూ వాడతారు. కానీ మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ 2019 చట్టం కింద నేరం. మొదటిసారి దొరికిన తయారీదారుకి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎర్రగా కాలే లోహం పక్కనుంచి వచ్చే ఆవిరిని ఊపిరితిత్తుల్లోకి పీల్చడం ఏం తెలివి? ఆ ఆవిరిలో నికెల్, క్రోమియం లాంటి లోహాలు ఉన్నట్టు పరిశోధకులు కొలిచి చూపించారు. పైగా అర ఓమ్ కాయిల్‌ని 3.7 వోల్టుల లిథియం సెల్‌కి కలిపితే 7 ఆంపియర్లు దాటి లాగుతుంది. చుట్టడంలో చిన్న తప్పు జరిగితే ఆ భారమంతా జేబులో ఉన్న బ్యాటరీ మీదే.

"వేప్ కాయిల్ నేను చెప్పను. తీగ గురించి అయితే చెప్తాను, కూర్చో" అన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఈఈఈ వాళ్ళకి ఇందులో సగం తెలిసే ఉంటుంది. తెలిసిన సగంతోనే నేను మా అమ్మకి షాక్ కొట్టించాను, అందుకే మిగతా సగం కూడా రాస్తున్నాను.

నేను చేసిన తప్పు

మాది అరకు దగ్గర కొండ మీద ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో చలి ఎముకలు కొరుకుతుంది. అదే సమయానికి కాఫీ పళ్ళు పండుతాయి. అమ్మ తెల్లవారకముందే లేచి చోడి అంబలి కాచి, నీళ్ళు కాచి, పళ్ళు కోయడానికి తోటకి వెళ్తుంది. మంచుకి కట్టెలు తడిసిపోతాయి. గ్యాస్ అయిపోతే బండ వచ్చేదాకా కరెంటు పొయ్యే దిక్కు. మట్టి ప్లేటు, దాని గాడిలో స్ప్రింగులా చుట్టిన తీగ ఉండే ఆ పొయ్యిని మీరూ చూసే ఉంటారు.

నేను ఫస్ట్ ఇయర్ సెలవులకి ఇంటికెళ్ళేసరికి ఆ స్ప్రింగు ఒక చివర నుంచి పావు వంతు దగ్గర తెగిపోయి ఉంది. "ఇంజినీరింగు చదువుతున్నావు కదా బాబూ, చూడు" అంది అమ్మ. నేను చిన్న ముక్క పారేసి, పెద్ద ముక్కనే లాగి గాడి అంతా నింపి, చివరని స్క్రూకి మెలిపెట్టేశాను. సాయంత్రం ఏడింటికి స్విచ్ వేస్తే అంతకుముందు కంటే ఎర్రగా కాలింది. "ఏటి, కొత్తదాని కన్నా బాగుంది!" అని అమ్మ మెచ్చుకుంది. నాకు ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి వంటగదిలోంచి అరుపు వినబడింది. కాయిల్ మళ్ళీ తెగింది. తెగిన కొస పైకి లేచి అల్యూమినియం గిన్నెకి తగిలింది. ఆ గిన్నెలో గరిటె పెట్టి అంబలి కలుపుతున్న అమ్మ విసిరేసినట్టు గోడకి కొట్టుకుంది. "ఏటి కాదులే" అంటూనే ఉంది గానీ, ఆ కుడిచెయ్యి సాయంత్రం దాకా తిమ్మిరి వదల్లేదు. ఆ రోజు కోతకి వెళ్ళలేదు, కూలి పోయింది.

కాలేజీకి తిరిగొచ్చాక లెక్క వేశాను. ఆ లెక్క ముందే వేసుకోవాల్సింది.

ముందు లెక్క

పవర్ కావాలంటే వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగించాలి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు కావాలంటే రెసిస్టెన్స్ దాదాపు 53 ఓమ్‌లు ఉండాలి. ఇది వేడెక్కాక ఉండే విలువ. నైక్రోమ్ రెసిస్టెన్స్ వేడికి కొంచెమే, ఐదు శాతం దాకా పెరుగుతుంది. అంటే చల్లగా ఉన్నప్పుడు మీటరు 50 దగ్గర చూపించాలి.

పావు వంతు పైగా తీగ పోయేసరికి నా కాయిల్ 36 ఓమ్‌లకి దిగింది. తర్వాత సెలవుల్లో మల్టీమీటర్ తీసుకెళ్ళి కొలిస్తే మా ఇంట్లో సాయంత్రం 190 వోల్టులు, అందరూ పడుకున్నాక తెల్లవారుజామున 240 వచ్చింది. మా కొండల్లోనే, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. కరెంటు పుట్టిన చోటు దగ్గరే అయినా, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైను చివరి ఇంటిదాకా వచ్చే అల్యూమినియం తీగ కూడా తీగే. లోడ్ పెరిగితే దానిలోనూ వోల్టేజీ పడిపోతుంది.

ఇప్పుడు చూడండి. 190 వోల్టుల దగ్గర 36 ఓమ్‌ల కాయిల్ సరిగ్గా 1000 వాట్లు ఇచ్చింది. అమ్మ మెచ్చుకున్నది దాన్నే. అదే కాయిల్ 240 దగ్గర 1600 వాట్లు లాగింది, అదీ తగ్గిపోయిన పొడవు మీద. సాయంత్రం బాగా పనిచేయడమే ప్రమాదానికి గుర్తని నాకు తెలియలేదు. వోల్టేజీ తక్కువని కాయిల్ కత్తిరించకండి. ఎప్పుడైనా రాగల ఎక్కువ వోల్టేజీకే లెక్క కట్టండి.

ఏ తీగ?

1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిసిన లోహానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మనం వాడే 80-20 నైక్రోమ్ దాని వారసుడే. దాని రెసిస్టివిటీ రాగి కంటే 60 రెట్లకి పైనే. కానీ అసలు గుణం అది కాదు. వేడెక్కినప్పుడు ఒంటి మీద క్రోమియం ఆక్సైడ్ పొర కట్టుకుని, లోపలి లోహాన్ని గాలి తినేయకుండా కాపాడుకుంటుంది. బైండింగ్ వైరుకి ఆ పొర లేదు, అందుకే అది ఎర్రబడితే పొట్టు రాలి సన్నబడిపోతుంది.

రెండోది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన తీగ. కాంథాల్ అన్నది ఈ జాతిలో ఒక బ్రాండు పేరు, స్వీడన్‌ది. దీని మీద అల్యూమినా పొర కడుతుంది, నైక్రోమ్ కంటే ఎక్కువ వేడి తట్టుకుంటుంది. కానీ ఒకసారి ఎర్రగా కాలాక పెళుసైపోతుంది. వాడిన కాంథాల్‌ని మళ్ళీ లాగి సర్దబోతే పుటుక్కున విరుగుతుంది. నైక్రోమ్ వాడాక కూడా కొంత వంగుతుంది.

కొట్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి జేబులో పెట్టుకెళ్ళండి. ఇనుము-అల్యూమినియం జాతి తీగ అతుక్కుంటుంది, 80-20 నైక్రోమ్ అతుక్కోదు. బైండింగ్ వైరు కూడా అతుక్కుంటుంది, కాబట్టి అతుక్కున్నంత మాత్రాన కాంథాల్ అనుకోవద్దు. ఒక మీటరు కొలిచి రెసిస్టెన్స్ చూడండి.

ఎంత లావు?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. 1000 వాట్లకి 26 గేజ్ నైక్రోమ్ (0.46 మి.మీ.) అయితే మీటరుకి 6.6 ఓమ్‌ల చొప్పున 7.6 మీటర్లు చాలు. 24 గేజ్ (0.56 మి.మీ.) అయితే మీటరుకి 4.4 ఓమ్‌లు, 11.3 మీటర్లు కావాలి. రెండూ 1000 వాట్లే ఇస్తాయి. మరి తేడా ఏంటి?

తీగ ఒంటి వైశాల్యంలో ఉంది తేడా. 26 గేజ్‌కి చదరపు సెంటీమీటరుకి 9 వాట్లు పడతాయి, 24 గేజ్‌కి 5 వాట్లే. లావు తీగ తక్కువ ఎర్రబడి ఎక్కువ కాలం బతుకుతుంది. బరువు రెట్టింపు దాటుతుంది కాబట్టి ఖరీదూ అంతే. నేను కత్తిరించిన 26 గేజ్ కాయిల్ మీద ఆ తెల్లవారుజామున పడిన భారం చదరపు సెంటీమీటరుకి 21 వాట్లు! ఈసారి నేను 24 గేజ్ కొన్నాను.

చుట్టే ముందు, చుట్టేటప్పుడు

తీగని ముందు వేళ్ళ మధ్య మెల్లగా జార్చి చూడండి. ఎక్కడైనా మెలిక పడి గట్టిగా వంగిన చోటు ఉంటే ఆ ముక్క వద్దు. కటింగ్ ప్లేయర్ పళ్ళు పడిన చోటు కూడా వద్దు. గాటు పడిన చోట తీగ సన్నం, సన్నబడితే రెసిస్టెన్స్ ఎక్కువ, రెసిస్టెన్స్ ఎక్కువైతే అక్కడే వేడెక్కువ, వేడెక్కువైతే అక్కడే ఇంకా సన్నబడుతుంది. ఆ చక్రం తిరగడం మొదలైతే ఆగదు. తర్వాత స్పిరిట్ అద్దిన గుడ్డతో చేతి జిడ్డు, చెమట ఉప్పు పోయేలా తుడవండి.

చుట్టడానికి కడ్డీ లావు తీగ లావుకి 5 నుంచి 8 రెట్లు ఉండాలి. నేను 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్ పూత రాల్చి వాడాను. ఒకరు తీగని బిగువుగా పట్టుకోవాలి, ఒకరు రాడ్ తిప్పాలి. చుట్టుకి చుట్టు ఆనుకుని రావాలి. దాదాపు 970 చుట్లు పడ్డాయి, ముగించేసరికి చేతులు పడిపోయాయి.

రెండు కొసల దగ్గర తీగని మడిచి రెండు పేటలుగా పురిపెట్టండి. రెండు పేటల్లో కరెంటు సగం సగం పంచుకుంటుంది కాబట్టి ఒక్కో పేట మీద వేడి పావు వంతే ఉంటుంది, స్క్రూ దగ్గర చల్లగా ఉంటుంది. ఇత్తడి స్క్రూకి వాషర్ వేసి బిగించండి. ప్లాస్టిక్ తొడుగు వైరుని నేరుగా తెచ్చి అక్కడ కలపొద్దు, పింగాణీ కనెక్టర్ పెట్టండి. పాత తీగని కలపాల్సివస్తే ముందు ఉప్పు కాగితంతో ఆ నల్లపొర గీకాలి, ఆ పొర కరెంటుని సరిగా పోనివ్వదు. అది కూడా కొత్తది తెచ్చేదాకానే.

సాగదీయడం

గాడి పొడవుని దారంతో కొలవండి. స్ప్రింగు రెండు కొసలూ పట్టుకుని ఒకే జోరుతో, దారం కంటే కొంచెం తక్కువ వచ్చేలా లాగండి. మధ్యలో పట్టుకుని లాగితే ఒకచోట విడిపోయి, ఇంకోచోట చుట్లు గుంపుగా మిగులుతాయి. గుంపులో చుట్లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మా ఇంట్లో రెండోసారి తెగింది సరిగ్గా అలాంటి గుంపు దగ్గరే.

మొదటి వేడి

మీటరుతో 50 ఓమ్‌లు చూసుకున్నాక, అదే వాట్ల ఇంకో పొయ్యితో సిరీస్‌లో కలిపి స్విచ్ వేయండి. ఒక్కోదానికి సగం వోల్టేజీ, పావు పవర్ వస్తుంది. అలా కాసేపు కాలితే మొదటి పొర నిదానంగా కడుతుంది. తర్వాత నేరుగా పూర్తి వోల్టేజీ ఇచ్చి గదిలో లైటు ఆర్పి చూడండి. ఎర్రదనం అంతటా ఒకేలా ఉండాలి. ఎక్కడైనా మిగతాచోట్ల కంటే ఎర్రగా ఉంటే ప్లగ్ పీకి, చల్లారాక అక్కడ చుట్లు సర్దండి. స్విచ్ ఆపితే చాలదు. స్విచ్ ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో ఉంటే పొయ్యి ఆరినా కాయిల్‌లో కరెంటు ఉంటుంది.

గంజి, ఉప్పునీళ్ళు పొంగి కాయిల్ మీద పడితే ప్లగ్ పీకి చల్లారాక శుభ్రం చేయాలి. ఎర్రటి వేడిలో ఉప్పు ఆ కాపాడే పొరని తినేస్తుంది.

ఆ తర్వాత

ఇంత పద్ధతిగా చుట్టిన కాయిల్‌ని పోయిన సంక్రాంతికి మా ఇంట్లో బిగించాను. దాని కంటే ముందు ఎర్త్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాను. నిజం చెప్పాలంటే ఆరోజు అమ్మని కాపాడగలిగింది మంచి కాయిల్ కాదు, ఇది. ఎంత బాగా చుట్టినా తీగ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. తెగినప్పుడు పక్కన మనిషి ఉంటారు.

అమ్మ ఇప్పటికీ గిన్నె పెట్టేముందు, కలిపేముందు ప్లగ్ పీకేస్తుంది. "నీ కాయిల్ మీద నమ్మకం లేక కాదు బాబూ" అంటుంది. అలా చేయమని నేనే చెప్పాను.

తమ్ముడు అంతా విని, టేబుల్ మీది తీగని అయస్కాంతంతో తాకించి చూశాడు. అతుక్కోలేదు. వాళ్ళ ఇంట్లో కూడా అలాంటి పొయ్యి ఉందట, నాలుగేళ్ళుగా మెలిపెట్టిన కాయిల్‌తోనే నడుస్తోందట. ఈ శనివారం ఇద్దరం కలిసి దానికి కొత్తది చుడుతున్నాం. మీ ఇంట్లోనూ ఉంటే, ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు ముందు ప్లగ్ పీకి, ఆ మెలి ఎక్కడుందో చూడండి.