ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: నడవకపోతే ఏం చేయాలి?

ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని ఇచ్చి ఆడిన తరానికి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అంటే ఇప్పటికీ ప్రాణం. 1999 సెప్టెంబరులో వచ్చిన ఈ ఆటను డల్లాస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసింది. ఆ స్టూడియో 2009లో మూతపడినా ఆట మాత్రం కొత్త హంగులతో మళ్లీ విడుదలై, ఇవాళ్టి కంప్యూటర్లలోనూ నడుస్తోంది. కొన్నాక తెరుచుకోకపోయినా, ఆగి ఆగి నడిచినా చాలామంది వెంటనే కొత్త ల్యాప్‌టాప్ గురించి ఆలోచిస్తారు. అంత ఖర్చు అక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడుందో వరసగా వెతికితే, పైసా పెట్టకుండానే చాలావరకు సర్దుకుంటుంది.

1. ముందు మీ దగ్గరున్నది ఏ ఆటో తేల్చుకోండి.

ఒకే పేరుతో మూడు ఆటలు చలామణిలో ఉన్నాయి. మొదటిది 1999 నాటి సీడీ. దానికి 2000లో ‘ది కాంకరర్స్’ అనే అదనపు భాగం వచ్చింది. రెండోది 2013లో స్టీమ్‌లో విడుదలైన హెచ్‌డీ ఎడిషన్. ఇప్పుడు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 (2013)’ అన్న పేరుతో కనిపించేది అదే. మూడోది 2019 నవంబరు 14న వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్.

పైకి మూడూ ఒకేలా ఉంటాయి. అదే టౌన్ సెంటర్, అవే గొర్రెలు, అదే మతం మార్చే సన్యాసి. లోపల మాత్రం వేటి దారి వాటిది. సీడీ ఆటను 256 రంగుల తెర కోసం రాశారు. డెఫినిటివ్ ఎడిషన్ 64 బిట్ ప్రోగ్రాం, డైరెక్ట్‌ఎక్స్ 11 మీద నడుస్తుంది. ఒకదానికి చెప్పిన మందు ఇంకోదానికి పనిచేయదు. సీడీ ఆట కోసం ఎవరో చెప్పిన కంపాటిబిలిటీ మోడ్‌ను డెఫినిటివ్ ఎడిషన్‌కు పెడితే, చక్కగా నడిచే ఆట కూడా మొండికేస్తుంది. ఏ వీడియోలో ఏ సలహా విన్నా, అది ఏ ఎడిషన్ గురించో చూసుకున్నాకే చేయి పెట్టండి.

కొత్తగా కొనేవాళ్లు డెఫినిటివ్ ఎడిషనే తీసుకోండి. కింది చిట్కాల్లో ఎక్కువభాగం దాని గురించే. సీడీ దాచుకున్నవాళ్లకు విడిగా 10వ చిట్కా ఉంది.

2. కొనేముందు మీ కంప్యూటర్ వివరాలు చూడండి.

విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిషు అక్షరాల్లో డీఎక్స్‌డయాగ్ అని కొట్టండి. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ అక్కడే కనిపిస్తాయి. ఈ ఆటకు కనీసం కావలసినవి: 64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 స్థాయి గ్రాఫిక్స్, హార్డ్‌డిస్క్‌లో 30 జీబీ ఖాళీ. హెచ్‌డీ 4000 అంటే 2012లో వచ్చిన మూడో తరం కోర్ ప్రాసెసర్లలో ఉన్నది. కాబట్టి పిల్లల ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ల్యాప్‌టాప్ అయితే దాదాపుగా సరిపోతుంది.

4 జీబీతో ఆట తెరుచుకుంటుంది గానీ పక్కన క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉంటే ఊపిరాడదు. 8 జీబీ ఉంటే హాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 8 జీబీ ముక్క ఒకటి పెట్టడం కంటే 4 జీబీ ముక్కలు రెండు పెడితే ఆట చురుగ్గా కదులుతుంది. కొంచెం డబ్బు పెట్టగలిగితే మొదట హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించండి. మ్యాప్ లోడయ్యే సమయం బాగా తగ్గిపోతుంది.

3. డబ్బు వాపసు గడువును పరీక్షకు వాడుకోండి.

స్టీమ్‌లో కొన్న ఆటను 14 రోజుల లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే తిప్పి ఇచ్చేయవచ్చు. డౌన్‌లోడ్‌కు పట్టిన సమయం ఆ 2 గంటల్లోకి రాదు. మొదట ట్యుటోరియల్‌తో సమయం గడిపేయకండి. ఎనిమిది మంది ఆడే పెద్ద మ్యాప్ పెట్టి, మిగతా ఏడుగురిగా కంప్యూటర్‌నే ఉంచి, వేగం పెంచి చూడండి. అది తట్టుకుంటే ఏదైనా తట్టుకుంటుంది.

4. 30 జీబీని మొబైల్ హాట్‌స్పాట్ మీద దింపకండి.

రోజువారీ డేటా ప్యాక్ ఇందుకు చాలదు. ఫైబర్ ఉన్న చుట్టాలింటికో స్నేహితుడి ఇంటికో ల్యాప్‌టాప్ తీసుకెళ్లడం మేలు. వాళ్ల కంప్యూటర్‌లో ఆ ఆట ఇప్పటికే ఉంటే మరీ సులువు. స్టీమ్‌లోనే బ్యాకప్ సదుపాయం ఉంది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని మీ ఖాతాలో రీస్టోర్ చేస్తే మిగిలిన కొద్దిపాటి అప్‌డేట్ మాత్రమే నెట్ నుంచి వస్తుంది. మీ ఖాతాలో ఆట కొని ఉండాలన్నది మాత్రం తప్పదు.

5. ఉచితం కదా అని ‘ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్’ దించుకోకండి.

అది 4కె తెరల కోసం చేసిన బొమ్మల మూట. మామూలు 1080 తెర మీద తేడా పెద్దగా తెలియదు, డిస్క్‌లో చోటూ మెమరీ మాత్రం మింగేస్తుంది. ఇప్పటికే వేసి ఉంటే స్టీమ్‌లో ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీఎల్‌సీ దగ్గర టిక్ తీసేయండి. ఆట నత్తనడక నడుస్తోందని వాపోయేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే.

6. తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లకు రెండు జాగ్రత్తలు.

హెచ్ నొక్కితే టౌన్ సెంటర్‌కు పోవాలి, పోవడం లేదు. క్యూ నొక్కితే పనివాడు పుట్టాలి, పుట్టడం లేదు. మౌస్ మాత్రం బాగానే పనిచేస్తోంది. ఇలా ఉంటే కీబోర్డు పాడైందని కంగారుపడకండి. ఏదో తెలుగులో టైప్ చేసి అలాగే వదిలేసి ఉంటారు. విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కి ఇంగ్లిషులోకి మార్చి, ఆట మూసి మళ్లీ తెరవండి.

రెండోది యూజర్ పేరు. విండోస్ పెట్టుకున్నప్పుడే పేరు తెలుగు లిపిలో ఇస్తే, యూజర్స్ ఫోల్డర్‌లో మీ ఫోల్డర్ పేరు కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఆ దారిని చదవలేవు, ఎందుకంటే విండోస్‌లో తెలుగుకు ఆ పాత తరహా కోడ్‌పేజీ అసలు లేదు. సీడీ కాలం ఆటలు ఏమీ చెప్పకుండా మూసుకుపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆటల కోసం ఇంగ్లిషు అక్షరాల పేరుతో ఇంకో యూజర్‌ను తయారుచేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. తర్వాత సెట్టింగ్స్‌లో పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదని గుర్తుంచుకోండి.

7. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఆట ఏది వాడుతోందో చూడండి.

ఎన్‌విడియా కార్డు పెట్టి అమ్మిన ల్యాప్‌టాప్ కూడా బ్యాటరీ ఆదా కోసం ఇంటెల్ గ్రాఫిక్స్ మీదే ఆటను నడిపేస్తుంటుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ వరకు వెళ్లి ఆట ఫైలును ఎంచుకుని ‘హై పెర్ఫార్మెన్స్’ పెట్టండి. ఛార్జర్ పెట్టే ఆడండి.

8. అసలు తెరుచుకోకపోతే ఈ వరసలో వెళ్లండి.

ఒకసారికి ఒక మార్పే చేయండి, చేశాక ఆట తెరిచి చూడండి. అన్నీ కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. మొదట గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీ కంపెనీ సొంత సైటు నుంచి దించి వేయండి. తర్వాత స్టీమ్‌లో ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్ దగ్గర ‘వెరిఫై’ నొక్కండి. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోయి చెడిన ఫైళ్లుంటే అదే పట్టుకుని మళ్లీ తెచ్చుకుంటుంది. ఏదో డీఎల్‌ఎల్ లేదని మెసేజ్ వస్తే మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకోవాలి. డీఎల్‌ఎల్ ఫైళ్లను విడివిడిగా ఇచ్చే సైట్ల జోలికి పోకండి, వైరస్‌లు వచ్చేది అక్కడినుంచే. చివరగా యాంటీవైరస్ చూడండి. దాన్ని మొత్తం ఆపేయడం వద్దు, ఆట ఫోల్డర్‌ను మినహాయింపుల్లో చేర్చితే చాలు.

9. మొదట బాగానే నడిచి, గంట తర్వాత అందరికీ ఆగిపోతుంటే నెట్‌ను తిట్టకండి.

ఈ చిట్కాను కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఆటల వరస పుట్టినప్పుడు చాలా ఇళ్లలో ఉన్నవి 28.8 కేబీపీఎస్ మోడెమ్‌లు. వందల మంది సైనికులు ఎక్కడ నిలబడ్డారో అన్న వివరమంతా ఆ సన్నటి తీగలోంచి పంపడం కుదరని పని. అందుకని ఎన్‌సెంబుల్ ఇంజినీర్లు వేరే దారి పట్టారు. మీరు ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే తీగ మీద వెళ్తుంది: ‘ఈ ఇరవై మంది విలుకాళ్లు అక్కడికి పోవాలి’ అని. ఆ తర్వాత వాళ్లు ఏ దారిన నడిచారు, ఎవరి బాణం ఎవరికి తగిలింది అన్న లెక్కంతా ప్రతి ఆటగాడి కంప్యూటరూ సొంతంగా వేసుకుంటుంది. అన్ని కంప్యూటర్లకూ ఒకే జవాబు రావాలి. పాల్ బెట్నర్, మార్క్ టెరానో 2001లో రాసిన ‘1500 ఆర్చర్స్’ అనే పత్రంలో ఈ పద్ధతిని వివరించారు. నెట్‌వర్క్ ఆటలు తయారుచేసేవాళ్లు దాన్ని ఇప్పటికీ చదువుతారు.

దీంతో వచ్చే చిక్కు ఒకటుంది. లెక్క వేయడంలో ఒక కంప్యూటర్ వెనకపడితే మిగతావన్నీ దానికోసం ఆగాలి. పెళ్లి బంతిలో ఆఖరివాళ్లు తినేదాకా ఎవరూ లేవరు కదా, అలాగే. హైదరాబాదులో ఉన్న అన్నయ్య, డల్లాస్‌లో ఉన్న తమ్ముడు, విజయవాడలో ఉన్న బావ కలిసి ఆడుతుంటే, ముగ్గురిలో ఎవరి ల్యాప్‌టాప్ నెమ్మదిదో దాని వేగమే అందరి వేగం. ఫైబర్ ప్లాన్ పెంచుకుని లాభం లేదు.

చేయాల్సింది ఏమిటంటే, జనాభా పరిమితిని 200 దగ్గరే ఉంచండి, 500కు పోవద్దు. మ్యాప్ సైజు ఒక మెట్టు తగ్గించండి. నెమ్మది మెషీన్ ఉన్న మనిషి నీటి కదలికలు, యాంటీ ఏలియాసింగ్ తగ్గించుకోవాలి. ఆటలోనే ఒక బెంచ్‌మార్క్ పరీక్ష ఉంది. ర్యాంక్ పోటీల్లో దిగాలంటే అందులో 1000 మార్కులు రావాలి. ఇంట్లోవాళ్లతో ఆడేటప్పుడు ఆ నిబంధన లేకపోయినా, అందరూ ఒకసారి ఆ పరీక్ష నడిపి చూసుకుంటే తక్కువ మార్కులు ఎవరివో తెలిసిపోతుంది. ఆ మెషీన్‌కే ముందు మరమ్మతు.

10. బీరువాలో దాచిన సీడీ పనిచేయడం లేదా?

సీడీ మీద గీతలేమీ లేకపోయినా ఆట తెరుచుకోకపోవచ్చు. ఆ కాలపు చాలా ఆటల్లో దొంగకాపీలు రాకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం పెట్టేవారు. భద్రతా లోపాల వల్ల మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుంచి దాన్ని తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌తో పాత విండోస్‌లలోనూ ఆపేసింది. ఆ తాళం ఉన్న సీడీలతో ఇక కుస్తీ పట్టి ప్రయోజనం లేదు.

తాళం అడ్డం రాని ఆట అయితే మూడు పనులు చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, ‘లెగసీ కాంపొనెంట్స్’ కింద డైరెక్ట్‌ప్లేకు టిక్ పెట్టండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రాం ఫైల్స్‌లో కాకుండా సి డ్రైవ్‌లో గేమ్స్ అనే ఫోల్డర్ తయారుచేసి అందులో వేయండి. ప్రోగ్రాం ఫైల్స్‌లోకి రాయడానికి విండోస్ ఒప్పుకోక, మీరు దాచిన ఆటలను వర్చువల్‌స్టోర్ అనే మారుమూల ఫోల్డర్‌లోకి తోసేస్తుంది. మూడోది, అక్షరాలు మసకగా ఉంటే ఆట ఫైలు ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద హై డీపీఐ సెట్టింగ్ మార్చి చూడండి.

గడ్డి ఊదారంగులో, నీళ్లు ఎర్రగా కనిపించడం విండోస్ 7 రోజుల్లో ఇంటింటా చూసిన వింతే. ఒకే 256 రంగుల పట్టికను ఆటా విండోస్ డెస్క్‌టాపూ పంచుకునేవి. ఆట నడుస్తుండగా డెస్క్‌టాప్ ఆ పట్టికను మార్చేసేది. అందుకే అప్పట్లో టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్‌ను ఆపేసి ఆడేవారు. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్‌ను ఇంకా వాడుతున్నవాళ్లకు ఇప్పటికీ ఆ మందే పనిచేస్తుంది.

11. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడకండి.

కింద గాలి ఆడక వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ‘మొన్నటిదాకా బాగానే ఆడింది’ అనిపించడానికి కారణం ఇదే. బల్ల మీద పెట్టి, ఫ్యాన్ దగ్గర దుమ్ము దులిపించండి.

12. దాచుకున్న ఆటలను కాపీ చేసి ఉంచండి.

సి డ్రైవ్, యూజర్స్, మీ పేరు, గేమ్స్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డీఈ అన్న దారిలో వెళ్తే పొడుగాటి అంకెల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో సేవ్‌గేమ్ అన్న ఫోల్డర్‌ను నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. విండోస్ మళ్లీ వేయించేముందు తప్పకుండా చేయాలి. షాపులో ఫార్మాట్ కొట్టేవాళ్లు డాక్యుమెంట్స్, ఫొటోలు అడిగి మరీ తీస్తారు గానీ ఈ ఫోల్డర్ వాళ్ల దృష్టికి రాదు.

13. టీవీకి కలిపితే ఆప్షన్స్‌లో హెచ్‌యూడీ సైజు పెంచండి. సోఫాలోంచి కూడా బంగారం, రాయి లెక్క చదవొచ్చు. టీవీలో గేమ్ మోడ్ పెడితే మౌస్ ఆలస్యం తగ్గుతుంది.

14. నడిచాక ఎక్కడ మొదలుపెట్టాలంటే...

కొత్తవాళ్లు విలియం వాలెస్ పాఠాలతో మొదలుపెట్టండి. అమెరికాలో ఈ ఆటకు టీనేజీ పిల్లలకు తగినదన్న రేటింగ్ ఉంది, మరీ చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు పక్కన కూర్చోవడం మంచిది. చేయి తిరిగాక 2022 ఏప్రిల్‌లో వచ్చిన ‘డైనస్టీస్ ఆఫ్ ఇండియా’ చూడండి. అందులో ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు కొత్తగా చేరారు. రాజేంద్ర చోళుడి కథ ఒక పూర్తి క్యాంపెయిన్‌గా ఉంది. ఆ రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవే మన రాజరాజనరేంద్రుడి భార్య. నన్నయ చేత భారతం తెలుగులో మొదలుపెట్టించిన రాజు మామగారిగా ఆటలో సేనను నడపడం తెలుగు పిల్లలకు చెప్పి ఆడించాల్సిన సంగతి. ద్రావిడులకు గుర్రపుదండు బలం తక్కువ, ఓడలూ కాల్బలమూ గట్టివి. కాబట్టి మొదటి ఆటకు నీళ్లున్న మ్యాప్ ఎంచుకోండి. ఈ భాగాన్ని విడిగా అమ్ముతారు. మూల ఆట మీ మెషీన్ మీద సాఫీగా నడుస్తోందని తేలాకే దీనికి డబ్బు పెట్టండి.