జలాశయ గర్భ మానచిత్రణ: ఎల్లంపల్లి సాగునీటి లెక్కలు, గోదావరి తీర పర్యావరణం

సముద్రగర్భాన్ని చిత్రించే ధ్వని పద్ధతే జలాశయాలలో పూడికను కొలవడానికీ ఉపయోగపడుతుంది. రామగుండం సమీపంలో గోదావరిపై నిర్మించిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం పూర్తిమట్టం 148 మీటర్లు, సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. సాగునీటితోపాటు విద్యుత్కేంద్రానికి, హైదరాబాద్ తాగునీటికి కూడా ఇదే ఆధారం. కనుక అడుగున చేరిన మట్టిని లెక్కించకుండా నిల్వను అంచనా వేస్తే, ఆ లోటు యాసంగి పంట చివరి తడులలో బయటపడుతుంది.

కొలిచే విధానం

పడవకు అమర్చిన పరికరం ధ్వని తరంగాన్ని అడుగుకు పంపి, అది తిరిగి వచ్చే కాలాన్ని నమోదు చేస్తుంది. నీటిలో ధ్వని వేగాన్ని, ఆ కాలాన్ని గుణించి రెండుతో భాగిస్తే లోతు లభిస్తుంది. ఉదాహరణకు, వేగం సెకనుకు 1,500 మీటర్లు, కాలం 0.012 సెకన్లు అయితే లోతు 9 మీటర్లు. పరికరం నీటి ఉపరితలానికి 0.5 మీటరు కింద ఉంటే మొత్తం లోతు 9.5 మీటర్లు. ఆనాటి నీటిమట్టం 146 మీటర్లు అయితే అడుగు మట్టం 136.5 మీటర్లు.

మంచినీటిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 1,482, 30 డిగ్రీల వద్ద 1,509 మీటర్లు. ఈ తేడాను సవరించకపోతే 20 మీటర్ల లోతులో దాదాపు 36 సెంటీమీటర్ల దోషం వస్తుంది. అధిక పౌనఃపున్య తరంగం మెత్తని పూడిక పైభాగం నుండే తిరిగి వస్తుంది. అల్ప పౌనఃపున్య తరంగం దానిలోకి చొచ్చుకొని గట్టి పొర నుండి తిరిగి వస్తుంది. ఈ రెండింటి వ్యత్యాసమే పూడిక మందానికి సూచిక.

ఎగువ నిల్వ, దిగువ కోత

ఎగువనున్న శ్రీరాంసాగర్ తొలి సామర్థ్యం 112 టీఎంసీలు; తరువాతి సర్వేలలో అది సుమారు 90కి, అనంతరం 80కి తగ్గినట్లు తేలింది. జలాశయాలలో నిలిచిన ఒండ్రు డెల్టాకు చేరదు. గోదావరి డెల్టాకు చేరే వార్షిక ఒండ్రు 1970-79 మధ్య సగటున సుమారు 15 కోట్ల టన్నులు కాగా, 2000-06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని పరిశోధకులు గుర్తించారు. ఒండ్రు తగ్గిన తీరం కోతకు గురవుతుంది. మడ అడవులు, వాటి నీడలో పెరిగే చేప, రొయ్య పిల్లలు ఆవాసాన్ని కోల్పోతాయి. ఈ మార్పును గుర్తించాలంటే ఉపగ్రహ చిత్రాల తీరరేఖతోపాటు సముద్రగర్భపు లోతులూ అవసరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

• పంట ప్రణాళికకు ముందు నిల్వ పట్టిక ఏ సంవత్సరపు సర్వేపై ఆధారపడిందో తెలుసుకోవాలి.
• పూడికమట్టి చెల్క నేలల తేమ నిల్వను పెంచగలదు. అయితే బొగ్గు గనుల ప్రాంతంలో దానిని తోలించే ముందు బంకమన్ను శాతం, లవణాలు, భారలోహాలను పరీక్షించాలి.
• తక్కువ లోతుగల అంచులు చేపలు గుడ్లుపెట్టే తావులు కావచ్చు. వాటిని మానచిత్రంలో గుర్తించిన తరువాతే పూడికతీతను సిఫారసు చేయాలి.