పైపు నీళ్లు ఎక్కడ పడతాయి? ఎటు పోతాయి?



వంటశాల వెనక ప్లేట్లు కడిగే పైపు మనందరికీ తెలుసు. దాని కుళాయి ఊడిపోయింది గనుక కర్ర బిరడా పెట్టుకుంటున్నాం. బిరడా తీస్తే నీళ్లు ఎన్ని వస్తాయో, ఎటు పోతాయో ముందే చెప్పవచ్చా? చెప్పవచ్చు. మా అయ్య కొండ మడుల్లో మడవ తీసే ముందే "ఈ నీరు ఆ మూలకి ఎల్తాది" అని చెప్పేస్తాడు. ఆయన కంటితో చూసి చెప్తాడు. మనం స్కేలుతో, లెక్కతో చెబుదాం.

1. నీరు ఎక్కడ పడుతుంది?

పైపు మూతి నేలకు 125 సెం.మీ. ఎత్తున ఉంది. పైపు అడ్డంగా ఉంది కాబట్టి నీరు ముందుకు దూకి, వంగి, కింద పడుతుంది. ఇక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి ముందుకు పోవడం, రెండోది కిందికి పడటం. ఒకదానికి ఒకటి అడ్డు రాదు. ఈ సంగతి ఇటలీ దేశపు గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు.

కింద పడిన దూరం = ½ × గురుత్వ త్వరణం × కాలం × కాలం. త్వరణం 10 అనుకుందాం. అర సెకనుకు ½ × 10 × ½ × ½ = 1.25 మీటర్లు. అంటే మన పైపు నీరు నేలను తాకటానికి అర సెకను పడుతుంది. వేగంగా వచ్చినా, నెమ్మదిగా వచ్చినా అదే అర సెకను! నేను కూడా మొదట నమ్మలేదు.

2. ఎన్ని నీళ్లు వస్తాయి?

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నీరు పైపుకు 1 మీటరు దూరంలో పడింది. అర సెకనులో 1 మీటరు అంటే సెకనుకు 2 మీటర్ల వేగం. పైపు లోపలి వెడల్పు 2.5 సెం.మీ. మూతి వైశాల్యం 3.14 × 1.25 × 1.25 = 4.9 చదరపు సెం.మీ. దీన్ని వేగంతో, అంటే 200 సెం.మీ.తో గుణిస్తే 980 ఘనపు సెం.మీ. సెకనుకు ఇంచుమించు 1 లీటరు.

అయితే 15 లీటర్ల బకెట్టు 15 సెకన్లలో నిండాలి. గడియారం పెట్టి చూశాం. 17 సెకన్లు పట్టింది. తేడా ఎందుకు? మూతి పై అంచున కొంచెం ఖాళీ ఉంది, నీరు పైపు నిండా రావటం లేదు. లెక్క కొంచెం తప్పింది గాని దగ్గరకే వచ్చింది.

ట్యాంకులో నీరు తగ్గితే ధార దగ్గరకు వస్తుంది. అర మీటరులో పడితే నీళ్లు సగమే వస్తున్నాయని అర్థం.

ఇప్పుడు ఆలోచించండి. ఒక పూట 20 నిమిషాలు బిరడా తీసే ఉంచుతున్నాం. అంటే 1200 సెకన్లు. బకెట్టు లెక్కన 1000 లీటర్ల పైనే! మనం 120 మందిమి. ఒక్కొక్కరికి 2 లీటర్లు చాలు అనుకున్నా 240 లీటర్లే. మిగతాది నేల పాలు.

3. నేల మీద ఎటు పోతుంది?

మొదట నేల తాగుతుంది. ఇసుక నేల ఎక్కువ తాగుతుంది, బంకమట్టి తక్కువ. అక్కడ మనం తొక్కీ తొక్కీ నేల గట్టిపడింది. తాగలేని నీరు పల్లానికి పోతుంది. నీరు పల్లమెరుగు అంటారు కదా.

మేస్త్రీలు చూసినట్టు తెల్ల ట్యూబులో నీళ్లు పోసి మట్టం చూశాం. ట్యూబు రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. అక్కడి నుంచి నేల దాకా కొలిస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. పైపు దగ్గర నుంచి బోరు వైపు 3 మీటర్లకు 6 సెం.మీ. పల్లం ఉంది. అందుకే ఎంగిలి నీళ్లన్నీ బోరు గట్టు పక్కన గుంట కట్టాయి. అరటి చెట్ల వైపు 5 మీటర్లకు 10 సెం.మీ. పల్లం ఉంది గాని, మధ్యలో 4 సెం.మీ. మిట్ట అడ్డం ఉంది.

నిలిచిన నీటిలో దోమలు గుడ్లు పెడతాయి. గుడ్డు దోమ కావటానికి వారం, పది రోజులు చాలు. దోమలో మలేరియా క్రిమి ఉంటుందని 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. మా గదిలో ఇద్దరికి చలిజ్వరం వచ్చి పరీక్షలు పోయాయి. ఈ గుంట వల్లనే అని నేను చెప్పలేను. కానీ గుంటను ఉంచితే దోమలకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు.

4. ఏం చేయాలి?

ప్లేటుకు, ప్లేటుకు మధ్య బిరడా పెట్టాలి. చిన్న చెల్లెళ్లకు చేయి అందకపోతే పెద్దవాళ్లం పెడదాం. పైపుకు కుళాయి వేయించమని మేడమ్ గారిని కోరుతున్నాను. బోరు వైపు చిన్న గట్టు వేసి, మిట్ట దగ్గర జానెడు లోతు కాలువ తీస్తే నీరు అరటి చెట్లకు పోతుంది. రెండు గునపాలు, రెండు పారలు ఇప్పిస్తే ఆదివారం మా తరగతి వాళ్లం తవ్వుతాం.

కాలువ తీశాక నీరు అరటి చెట్ల దగ్గరికే పోతుందని ఇప్పుడే రాసి పెడుతున్నాను. తప్పయితే వచ్చే నెల ఈ గోడ మీదనే ఒప్పుకుంటాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని