సోషియాలజీ డిగ్రీ తర్వాత

వైరా


సోషియాలజీలో డిగ్రీ పూర్తిచేసినవారికి ప్రధానంగా మూడు దారులున్నాయి: ప్రభుత్వ ఉద్యోగం, బోధన-పరిశోధన, ఊళ్లలో క్షేత్రస్థాయి పని. మూడింటికీ పెట్టుబడి ఒక్కటే. మనుషుల దగ్గర కూర్చుని ఓపికగా అడగడం, విన్నది విన్నట్టు రాయడం, కులం, భూమి, ఆడవాళ్ల స్థితి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో తేల్చి చెప్పడం.

సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. రెండు పేపర్లు, 500 మార్కులు. గ్రూప్-1, గ్రూప్-2 సిలబస్‌లోనూ సమాజానికి సంబంధించిన అంశాలకు చోటుంది. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) ఉద్యోగాలకు హోంసైన్స్, సోషల్ వర్క్‌తో పాటు సోషియాలజీ చదివినవారూ పోటీపడవచ్చు. ఏ నోటిఫికేషన్ వచ్చినా అర్హతల జాబితా చూసుకున్నాకే దరఖాస్తు చేయాలి.

బోధనకు ఎం.ఏ. తప్పదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలంటే ఆపైన నెట్ గానీ సెట్ గానీ గట్టెక్కాలి, లేదా పీహెచ్‌డీ చేసి ఉండాలి. ఎం.ఏ.కు ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి.దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను ఇల్లిల్లూ పరిశీలించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ వెలువరించారు. ఒక్క ఊరిని శ్రద్ధగా చదివితే అది దేశమంతా చదివే పుస్తకం అవుతుందనడానికి అదే రుజువు.

క్షేత్రస్థాయి పని వైరాకు ఈశాన్యాన, భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని కోయ గూడేల్లో ఎంతో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కోరే గిరిజన కుటుంబం 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి తన సాగులో ఉందని చూపాలి. కాగితాలు లేనిచోట ఊరి పెద్దల వాంగ్మూలాన్నీ ఆధారంగా ఆ చట్టం కింది నిబంధనలు ఒప్పుకుంటాయి. ఎవరి తాత ఏ చెలక కొట్టాడు, అన్నదమ్ముల పంపకం ఎప్పుడు జరిగింది అనే సంగతులు నెమ్మదిగా రాబట్టి రాసిపెట్టగలవారు ఆ కుటుంబానికి కొండంత అండ. 2013 భూసేకరణ చట్టం కూడా సామాజిక ప్రభావ అంచనాను పరిశీలించే నిపుణుల బృందంలో ఇద్దరు అనధికార సామాజిక శాస్త్రవేత్తలు ఉండాలంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ క్షేత్రస్థాయి పనిలోనే మరో మార్గం. తనిఖీ బృందం మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని గడపగడపకూ వెళ్తుంది. పేరున్న మనిషి నిజంగా పనికి వచ్చాడా, కూలి అందిందా అని అడుగుతుంది. తవ్విన కందకాన్ని టేపుతో కొలుస్తుంది. తేలిన లెక్కను అందరి ముందూ చదువుతుంది.

ఈ పనులకు డిగ్రీలో ఉండగానే సిద్ధపడాలి. కంప్యూటర్‌లో పట్టికలు వేయడం, కోయ భాషలో పలకరించగలగడం, సెలవుల్లో ఒక ఊరి కుటుంబాల వివరాలు సేకరించి నివేదిక రాయడం ముందుగా నేర్వవలసినవి. స్వయంగా రాసిన నివేదిక చేతిలో ఉన్న అభ్యర్థికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత మాట ఉంటుంది.

ఇట్లు,
నీ మేనమామ