మన పెద్దల జ్ఞాపకములను కాపాడుకొనుట

పఠన భాగములు: యెహోషువ 4:1-24, ద్వితీయోపదేశకాండము 26:1-11, కీర్తన 78:1-8, లూకా 1:1-4.



మీ గ్రామములో మొట్టమొదట బాప్తిస్మము పొందినవారెవరు? ఆ దినమున ఊరివారు వారిని ఏమనిరి? మందిరము కట్టకమునుపు వారు ఏ చెట్టుక్రింద, ఎవరి పాకలో కూడుకొనిరి? మొదటి ప్రశ్నకు సంఘపు రిజిస్టరు జవాబు చెప్పవచ్చును. తక్కిన ప్రశ్నలకు జవాబు రిజిస్టరులో దొరకదు. అది మీ వీధిలో అరుగుమీద కూర్చుండు ఏ ముసలమ్మ నోటనో ఉన్నది. ఆమె కన్నుమూసిన దినమున ఆ జవాబు కూడ ఆమెతో పోవును. కావున ఈ నెల మనము ధ్యానింపవలసిన సంగతి ఇది: మన ఊరి పెద్దల జ్ఞాపకములను సంఘముగా కూడి చెప్పుకొని, విని, వ్రాసి ఉంచుకొనుట.

1. రాయి, ప్రశ్న, జవాబు

ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పండ్రెండు రాళ్లను తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఆ రాళ్లమీద ఏమైన వ్రాసినట్లు ఈ అధ్యాయము చెప్పదు. రాయి తనంతట తాను మాటలాడదు. పిల్లలు దానిని చూచి ఇదేమని అడుగవలెను. తండ్రులు జవాబు చెప్పవలెను. ఈ మూడును కూడినప్పుడే జ్ఞాపకము నిలుచును. రాయి ఉండియు జవాబు చెప్పువారు లేనియెడల అది ఉత్త రాయియే.

ఇప్పుడు న్యాయాధిపతులు 2:10 తెరచి చూడుడి. యెహోషువ కాలపువారు గతించిన తరువాత, దేవుడు చేసిన కార్యములను ఎరుగని వేరొక తరము పుట్టెనని అక్కడ చదువుదుము. చెప్పుకొనుట ఒక్క తరములో ఆగిపోయినను ఎంత నష్టము కలుగునో దీనివలన గ్రహింపవచ్చును.

2. ఒంగోలు సంగతి

దీనికి దృష్టాంతము మన తెలుగు సంఘముల చరిత్రలోనే కలదు. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనమండుగురు సభ్యులతో బాప్తిస్టు సంఘము ఏర్పడెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశములో గొప్ప క్షామము వచ్చెను. పెద్దలు దానిని ధాత కరువు అనిరి. అప్పుడు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. తెలుగు బోధకులు ఆ పనిమీద పైవిచారణ చేయుచు, జనులు విశ్రమించు వేళ వారి మధ్య కూర్చుండి ప్రభువునుగూర్చి చెప్పిరి. కూలికొరకును గింజలకొరకును చేరిరను మాట రాకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములు ఆపియుంచిరి. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య అనేక పుస్తకములలో ఉన్నది. కాని ఆ 2,222 మందిలో ఒక్కొక్కరు ఎంత దూరము నడచి వచ్చిరి? కరువులో ఇంట ఎవరిని పోగొట్టుకొని వచ్చిరి? తిరిగి వెళ్లినప్పుడు వారిచేత వెట్టి చేయించుకొను ఆసామి ఏమనెను? వీటిలో ఎన్ని మిగిలెను? సంఖ్య పుస్తకములోనికి ఎక్కెను; వారి బ్రదుకు చాలవరకు వారితోనే మట్టిలో కలిసెను.

అయినను కొంత మిగిలెను. క్లౌ దొరగారి భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు మాదిగ పెద్దలు చెప్పిన వృత్తాంతములను, అరుంధతినిగూర్చిన పాత కథలను, తొలి విశ్వాసుల జీవితములను వ్రాసి 1899లో ఒక పుస్తకముగా ప్రకటించిరి. దాని పేరునకు చెప్పులు కుట్టుచుండగా అని అర్థము. యర్రగుంట్ల పేరయ్యగారివంటి తొలి బోధకుల సంగతులు మనకు దక్కుటకు, ఒకరు చెప్పగా మరియొకరు ఓపికతో వినుటయే కారణము. అయితే ఆ పుస్తకము ఇంగ్లీషులో వ్రాయబడెను. చెప్పిన పెద్దలు తమ మాటలను తామే చదువుకొనలేరు. కావున ఈ పనిని మనమే, మన భాషలోనే చేయుట మేలు.

3. సిగ్గుపడి దాచవలదు

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో రైతు ప్రథమఫలముల గంపను తెచ్చి ఊరకనే ఉంచి పోకూడదు; నోటితో చెప్పవలెను. ఏమి చెప్పవలెను? తన పితరుడు దిక్కులేక తిరిగిన అరామీయుడనియు, తనవారు ఐగుప్తులో కఠినదాస్యము చేసిరనియు, వారు మొఱ్ఱపెట్టగా దేవుడు వినెననియు చెప్పవలెను. గంప నిండియున్నది, భూమి తనదైయున్నది. అయినను ఆ దినముననే పూర్వపు దాస్యమును ఒప్పుకొనవలెను.

మన ఇండ్లలో ఇట్లు జరుగుచున్నదా? కొడుకు ఉద్యోగము సంపాదించి పట్టణములో ఇల్లు కట్టెను. తన తాత ఊరి వీధిలో చెప్పులు చేతబట్టుకొని నడిచెనని, తన అవ్వ బావియొద్ద ఎవరైన నీళ్లు పోయుదురా అని కడవతో కాచుకొని ఉండెనని పిల్లలకు చెప్పుటకు సిగ్గుపడుచున్నాడు. ఆ సిగ్గు ఎవరిది? బాధపడినవారిదా, బాధపెట్టినవారిదా? తాత పడిన పాటును ఎరుగని మనుమడు తనకు దొరికిన చదువును తన గొప్పయే అనుకొనును. తనకంటె క్రింద ఉన్నవానిని తానును చిన్నచూపు చూచును.

మరియు కీర్తన 78ని గమనించుడి. అది దేవుని కార్యములతోపాటు తండ్రుల తిరుగుబాటునుకూడ దాచక చెప్పుచున్నది. కావున మన సంఘములో పడిన తగవులను, ఒకే ప్రభువును ఒప్పుకొనియు ఒక పేటవారు మరియొక పేటవారితో కలిసి కూర్చుండనొల్లని దినములనుకూడ చెప్పుకొనవలెను. మంచిని మాత్రమే చెప్పినయెడల అది పొగడ్త యగును గాని సాక్ష్యము కానేరదు.

4. ఎట్లు చేయవలెను?

పంట ఇంటికి వచ్చిన తరువాత, నెలకొక సాయంకాలము ఒకరి వాకిట కూడుకొనుడి. మందిరములో నిలిచి మాటలాడుటకు జంకు పెద్దలు తమ వాకిట మంచముమీద కూర్చుండి ధారాళముగా చెప్పుదురు. స్త్రీలను విడువవలదు. కూడికలలో పురుషులు మాటలాడుచుండగా వారు వెనుక కూర్చుండి ఊరకుందురు గనుక, వారిని ప్రత్యేకముగా అడుగుడి.

ఏ సంవత్సరమని అడిగిన పెద్దలు తడబడుదురు. ఉప్పెనకు ముందా వెనుకనా, పెద్దబిడ్డ పుట్టకమునుపా పుట్టిన తరువాతనా అని అడిగిన వెంటనే చెప్పుదురు. కృష్ణాజిల్లా తీరమున 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన, తెలంగాణలో 1948 నాటి పోలీసు చర్య ఇట్టి గురుతులు. ఆ ఉప్పెననాడు పదేండ్ల పిల్లలై బ్రదికినవారు నేడు అరువదియేండ్ల దరిదాపున ఉన్నారు. పోలీసు చర్యను కన్నులార చూచి జ్ఞాపకముంచుకొన్నవారు బహు కొద్దిమందియే. కావున ఆలస్యము చేయవలదు.

చెప్పుచున్నవారిని నడుమ దిద్దవలదు. ఇద్దరు ఒకే సంగతిని రెండు విధములుగా చెప్పినయెడల, ఎవరి మాటను వారి పేరుతో వ్రాయుడి. లూకాకూడ కన్నులార చూచినవారి మాటలను మొదటినుండి తరచి తెలిసికొని వ్రాసెను. చెప్పినవారి పేరు, వయస్సు, ఊరు, తేది నోటుబుక్కులో తప్పక ఉండవలెను. యౌవనస్థులు చేతిఫోనులో ఆ కంఠమునుకూడ పట్టి ఉంచవచ్చును. అయితే ఫోను చెడిపోవును గనుక కాగితముమీద వ్రాయుట మానవలదు. వ్రాసినదానిని చెప్పినవారికి చదివి వినిపించుడి. వారు వద్దన్న మాటను కొట్టివేయుడి. దుఃఖపు సంగతిని బలవంతముగా రాబట్టకుడి. రెండు ప్రతులు చేసి ఒకటి సంఘపు పెట్టెలోను, ఒకటి చెప్పినవారి ఇంటను ఉంచుడి.

కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో అందరికంటె వృద్ధులు ఎవరు? ఈ సంవత్సరము వారియొద్ద కూర్చుండి విన్నవారు ఎవరు?

2. మన ఊరిలో గిల్గాలు రాళ్లవలె నిలిచియున్నవి ఏవి? చెట్టు, బావి, గంట, సమాధి వీటి సంగతి చెప్పగలవారున్నారా?

3. మన పిల్లలకు మనము చెప్పక దాచుచున్న సంగతి ఏది? ఏల దాచుచున్నాము?

రాబోవు ఆదివారము ఆరాధన ముగిసిన వెంటనే యౌవనస్థులు ఇద్దరిద్దరుగా బయలుదేరి, మందిరమునకు రాలేక మంచముపట్టిన పెద్దలయొద్దకు మొదట వెళ్లుదురుగాక. ఒక్క ప్రశ్న అడిగి, వారు చెప్పునంతసేపు కూర్చుండి వినుడి. తరువాత వారితో ప్రార్థించి రండి.